తిరుగు టికెట్ ఎవరు కొనాలి?

అమెరికా ప్రభుత్వం కొత్తగా చేరినవాళ్లను విదేశీ పోస్టింగ్‌కి పంపేటప్పుడు దారి ఖర్చులు పెట్టుకుంటుంది. కానీ ముందే ఒక ఒప్పందం రాయించుకుంటుంది. 1946 నాటి చట్టం నుంచీ ఇదే పద్ధతి. మామూలుగా గడువు ఏడాదికి తగ్గదు, మూడేళ్లకు మించదు. ఏడాది నిండకుండా సొంత ఇష్టంతో ఉద్యోగం మానేస్తే, వెళ్లిన ఖర్చు బాకీ కింద వసూలు చేస్తారు. తిరుగు ఖర్చు కూడా ఇవ్వరు. తన చేతిలో లేని కారణమై, దాన్ని ఆ శాఖ ఒప్పుకుంటేనే మినహాయింపు.

వెళ్లిన ఖర్చు వసూలు చేయడం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. అది జనం కట్టిన పన్ను కదా! తిరుగు టికెట్ సంగతి వేరు. జీతం బాగా ఉన్నవాడు సొంత డబ్బుతో వచ్చేస్తాడు. పెళ్లాం పిల్లలతో వెళ్లిన చిన్న ఉద్యోగి మాత్రం ఇష్టం లేకపోయినా అక్కడే ఉండిపోతాడు. అలా మనసు లేకుండా చేసే పని వల్ల ప్రభుత్వానికి ఒరిగేదేంటి?

ఇంకోటి, నెలకే మానేసినవాడికీ పదకొండో నెలలో మానేసినవాడికీ ఒకే లెక్కా? పనిచేసిన నెలలను బట్టి తిరుగు ఖర్చు ఇవ్వాలి. మిగతాది అప్పుగా ఇచ్చి వాయిదాల్లో తీసుకోవచ్చు. అమ్మకి జబ్బు చేస్తే అది 'చేతిలో లేని కారణమా' కాదా అన్నది పంపిన శాఖే తేల్చడమూ సరికాదు. ఒప్పుకునే కారణాలేంటో సంతకానికి ముందే కాగితం మీద ఉండాలి.

రేపు మనమూ బాండ్లు రాసేవాళ్లమే. జీతం అంకెతో పాటు, మధ్యలో మానేస్తే ఏమవుతుందో రాసిన పేరా కూడా చదవండి.