ఆరో పాటను దాటెయ్యకండి

బిగ్ స్టార్ అనే సంగీత బృందం అభిమానులు నలుగురు కలిస్తే మాట ఎటు పోతుందో నాకు కంఠతా వచ్చు. మొదట క్రిస్ బెల్. 27 ఏళ్ళకే కారు ప్రమాదంలో పోయాడు, బతికుండగా తన సొంత పేరుతో ఒకే ఒక్క సింగిల్ చూసుకున్నాడు. తరువాత అలెక్స్ చిల్టన్. పదహారేళ్ళకే ‘ది లెటర్’ పాడి అమెరికా అంతటా మొదటి స్థానంలో నిలిచినవాడు, బిగ్ స్టార్‌తో మాత్రం ఆ అదృష్టానికి నోచుకోలేదు. ఆ పైన జోడీ స్టీఫెన్స్ గురించి ఒక మంచి మాట, బృందంలోని నలుగురిలో మిగిలింది అతనొక్కడే కదా అని. ఇక అక్కణ్నుంచి టేపుల లెక్కలు. ఏ డెమో ఏ సీడీలో వచ్చింది, ఏ మిక్స్ ఇంకా బయటకు రాలేదు, ఆర్డెంట్ స్టూడియో అల్మారాల్లో ఇంకా ఏం మిగిలి ఉంటుంది, ఈసారి వచ్చే ఆల్బమ్‌లో ఏం వేస్తారు. ఇలా గంటలు గడిచిపోతాయి. నాలుగో మనిషి పేరు మాత్రం రాదు.

ఆ నాలుగో మనిషి ఆండీ హమ్మెల్. బేస్ గిటార్ వాయించాడు, పాటలు రాశాడు, పాడాడు. ఎప్పుడైనా అతని పేరు వినబడినా, వాళ్ళమ్మ 1947లో మిస్ అమెరికా అన్న విశేషం చెప్పుకోవడానికే. పాతికేళ్ళుగా ఈ మాటలు వింటున్నాను. నా మనసులో పేరుకుపోయిన బాధను ఇవాళ బయటపెట్టుకుంటున్నాను.

ఈ బృందం గురించి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అమెరికాలోని మెంఫిస్ నగరం ఎల్విస్ ప్రెస్లీకీ, నల్లవాళ్ళ సోల్ సంగీతానికీ పుట్టిల్లు లాంటిది. అక్కడ ఇరవై దాటీ దాటని నలుగురు కుర్రాళ్ళు, తమ స్టూడియోకి ఎదురుగా ఉన్న సూపర్‌మార్కెట్ పేరునే తమ బృందానికి పెట్టుకున్నారు. ఆర్డెంట్ స్టూడియో యజమాని జాన్ ఫ్రై వాళ్ళకు రికార్డింగ్ పని దగ్గరుండి నేర్పాడు. 1972లో ‘నంబర్ 1 రికార్డ్’ వచ్చింది, 1974లో ‘రేడియో సిటీ’. విమర్శకులు ఆకాశానికెత్తారు. కానీ రికార్డు కొందామని వెళ్ళినవాళ్ళకు దుకాణంలో రికార్డు దొరకలేదు. ఆర్డెంట్ రికార్డులను అమ్మిపెట్టే బాధ్యత స్టాక్స్ కంపెనీది. స్టాక్స్ ఆ పనిని కొలంబియాకు అప్పజెప్పింది. ఇద్దరి మధ్యా పొసగలేదు. నలిగిపోయింది ఈ కుర్రాళ్ళు. మొదటి రికార్డు అమ్మకాలు పదివేలు కూడా దాటలేదంటారు. 1975 డిసెంబరుకల్లా స్టాక్స్ దివాలా తీసింది. అయినా బిగ్ స్టార్ పాటలే ఆ తరువాత ఆర్.ఇ.ఎమ్., రీప్లేస్‌మెంట్స్, బ్యాంగిల్స్ లాంటి బృందాలకు దారి చూపాయి.

అందుకే బిగ్ స్టార్ అభిమాని ఎక్కడున్నా గుండెలో ఒక గాయంతో ఉంటాడు. ‘లోకం వీళ్ళను పట్టించుకోలేదు’ అన్నది మా అందరి మొర. ఆ మొరలో నేనూ గొంతు కలిపినవాణ్నే. కానీ లోకం ఈ బృందానికి ఏ అన్యాయం చేసిందో, మేము ఆండీ హమ్మెల్‌కు అదే అన్యాయం చేశాం. కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టాం.

మొదటి రికార్డు తీసుకోండి. పన్నెండు పాటలు. దాదాపు అన్నింటికీ బెల్, చిల్టన్‌ల పేర్లున్నాయి. ఒక్క దానికి మాత్రం హమ్మెల్ పేరుంది. మొదటి వైపున ఆఖరిది, ఆరో పాట, ‘ది ఇండియా సాంగ్’. రాసిందీ అతనే, పాడిందీ అతనే. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. దానికి ముందు ‘డోంట్ లై టు మీ’ అని ఒక పాట ఉంది, ఇల్లు ఎగిరిపోయేంత చప్పుడుతో. ఆ హోరు ఆగగానే గిటార్ తీగల మీద మెల్లగా వేళ్ళు కదులుతాయి, వేణువు లాంటి నాదం ఒకటి వచ్చి చేరుతుంది, తొందరేమీ లేని గొంతు మొదలవుతుంది. వడగాలిలో నడిచి వచ్చి వేపచెట్టు కింద నిలబడినట్టు ఉంటుంది. ఒక మెంఫిస్ కుర్రాడు అన్నీ వదిలేసి ఎక్కడికో దూరంగా, అడవిలో ఒక ఇంటికి వెళ్ళి, తీరిగ్గా బతకాలనుకుంటున్నాడు. ఆ దూరానికి అతను పెట్టుకున్న పేరు ఇండియా.

ఒకసారి డాలస్ దగ్గర అభిమానుల సమావేశం జరిగితే వెళ్ళాను. రికార్డులో ఏ పాటకు ఏ స్థానం అని వరస పెడుతున్నారు. ఈ పాట దగ్గరకు వచ్చేసరికి ఒకాయన, “అది వదిలెయ్యండి, అది దాటేసే పాట” అన్నాడు. మిగతావాళ్ళు తలూపి ముందుకు పోయారు. ఆ గదిలో ఇండియా నుంచి వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. నా వైపు చూసి ఎవరో చిన్నగా నవ్వారు కూడా. నా బాధ దేశాభిమానం వల్ల వచ్చింది కాదు. ఆ పాటలోని ఇండియా మన ఇండియా కాదని నాకూ తెలుసు. మా బావమరిదికి మొదటిసారి వినిపించినప్పుడు, “బావా, ఇందులో ఇండియా ఏదీ?” అని అడిగాడు. లేదు, నిజమే. ఒక్క రాగం లేదు, ఒక్క ఊరి పేరు లేదు. కానీ ఎక్కడికైనా పారిపోవాలనుకునే ఇరవయ్యొకటేళ్ళ మనసు ఉంది, ఆ వయసులో మనమూ ఏ అమెరికానో ఇలాగే ఊహించుకున్నట్టు. ఆ అమెరికాలో మాత్రం నిజమైన అమెరికా ఎంతుంది?

ఇక ‘రేడియో సిటీ’ సంగతి. అక్కడ అసలు లెక్క బయటపడుతుంది. 1972 చివర్లో క్రిస్ బెల్ వెళ్ళిపోయాడు. మిగిలింది ముగ్గురు. ఆ రికార్డులోనూ పన్నెండు పాటలే. అందులో అయిదింటి రచనలో హమ్మెల్ పేరుంది: ‘లైఫ్ ఈజ్ వైట్’, ‘వాట్స్ గోయింగ్ ఆన్’, ‘బ్యాక్ ఆఫ్ ఎ కార్’, ‘డెయిజీ గ్లేజ్’, ‘వే అవుట్ వెస్ట్’. వీటిలో చివరిది పూర్తిగా అతనిదే, పాడింది డ్రమ్స్ వాయించే స్టీఫెన్స్. రికార్డు అట్ట తిప్పి చూస్తే ఎవరికైనా కనబడే సంగతి ఇది. అయినా ‘రేడియో సిటీ’ని చిల్టన్ ఒక్కడి సృష్టిగానే చెప్పుకుంటూ వస్తున్నాం. చిల్టన్ ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. ‘సెప్టెంబర్ గర్ల్స్’ రాసినవాడికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. కానీ పన్నెండింట అయిదు పాటల్లో చెయ్యి ఉన్నవాణ్ని పక్కవాద్యం అని ఎలా అంటాం?

పోనీ, పక్కవాద్యమే అనుకుందాం. ‘బ్యాక్ ఆఫ్ ఎ కార్’ పాటను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి గొంతును పట్టించుకోకుండా వినండి. రెండు గిటార్లు ఉండాల్సిన చోట ఒక గిటార్ అయిపోయింది. ఆ గిటార్ పైన గాజుముక్కల్లా మెరుస్తుంటే, కింద హమ్మెల్ బేస్ కదులుతూ, ఎక్కుతూ, దిగుతూ తనదైన వరస పాడుకుంటూ పోతుంది. స్టీఫెన్స్ డ్రమ్స్ పడి లేస్తున్నప్పుడల్లా పాట చెదిరిపోకుండా పట్టుకున్నది ఆ మంద్రస్వరమే. తరువాత ‘డెయిజీ గ్లేజ్’ వినండి. సగం దాకా నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. ఉన్నట్టుండి డ్రమ్ మీద దెబ్బలు పడతాయి, పాట పరుగందుకుంటుంది. ఆ మలుపు దగ్గర బేస్ ఏం చేస్తోందో చెవిపెట్టండి. ముగ్గురి పేర్లూ ఆ పాట కింద ఎందుకున్నాయో తెలుస్తుంది.

అరుదైన రికార్డింగుల కోసం ప్రాణం పెట్టే మా అభిమానుల చేతిలోనే ఇంకో సాక్ష్యం కూడా ఉంది. 2009లో ‘కీప్ యాన్ ఐ ఆన్ ద స్కై’ అని నాలుగు సీడీల పెట్టె వచ్చింది, 98 ట్రాకులతో. అందులో 1973 జనవరిలో మెంఫిస్ లఫాయెట్స్ మ్యూజిక్ రూమ్‌లో ఇచ్చిన కచేరీ ఉంది. తరువాత 2018లో దాన్ని విడిగా కూడా విడుదల చేశారు. ఆ రాత్రి జనం వచ్చింది ఆర్చీ బెల్ అండ్ ద డ్రెల్స్ కోసం. వీళ్ళది ముందు వాయించే వంతు. పాట అయిపోగానే పలచగా నాలుగు చప్పట్లు, మాటల సందడి. బెల్ వెళ్ళిపోయి ఎన్నాళ్ళో కాలేదు. అలాంటి రాత్రి, అలాంటి జనం ముందు, ఆ ముగ్గురు ‘ది ఇండియా సాంగ్’ వాయించారు. ఇంకా ఏ రికార్డులోకీ ఎక్కని ‘వే అవుట్ వెస్ట్’ కూడా వాయించారు. దాటేసే పాటే అయితే, ఒక్కొక్క చప్పట కోసం మొహం వాచి ఉన్న రాత్రి దాన్ని ఎందుకు వాయిస్తారు? ఈ కచేరీ గురించి మేము పేజీలకు పేజీలు మాట్లాడుకున్నాం. చిల్టన్ గిటార్ శ్రుతి గురించి, టేపు నాణ్యత గురించి. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

ఎందుకు మర్చిపోయాం? నాకు తోచిన కారణం ఒకటే. ఆండీ హమ్మెల్ కథలో విషాదం లేదు. ‘రేడియో సిటీ’ పని ముగిశాక అతను చదువు పూర్తి చేసుకోవడానికి కాలేజీకి వెళ్ళిపోయాడు. మత్తులో కొట్టుకుపోలేదు, కుర్ర వయసులో చచ్చిపోలేదు. తరువాత ఇంజనీరింగ్ చదివి, టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో జనరల్ డైనమిక్స్‌లో చేరి ఎఫ్-16 యుద్ధవిమానాల మీద పనిచేశాడు. 1993లో ఆ కర్మాగారం లాక్‌హీడ్ చేతికి వచ్చింది, అతను అక్కడే కొనసాగాడు. పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం. అదే 1993లో బిగ్ స్టార్ మిసోరీ విశ్వవిద్యాలయంలో మళ్ళీ వేదికెక్కింది. ‘వే అవుట్ వెస్ట్’ ఆ రోజు కూడా పాడారు. దాన్ని రాసినవాడు ఆ వేదిక మీద లేడు. 2005లో ‘ఇన్ స్పేస్’ అని కొత్త ఆల్బమ్ వచ్చింది. అందులోనూ లేడు.

చెడిపోయినవాడి గురించి పుస్తకాలు రాస్తాం. బాగుపడినవాణ్ని మర్చిపోతాం. ఇది మాత్రం తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ప్రతి ఇంట్లోనూ ఒక బాబాయి ఉంటాడు, కాలేజీ రోజుల్లో హార్మోనియమో తబలానో వాయించి, ఆ తరువాత ఉద్యోగంలో చేరి, పెట్టెను అటక మీద పెట్టినవాడు. “అప్పుడు భలే వాయించేవాడట” అని ఒక్క ముక్కతో సరిపెడతాం. అతను వాయించింది ఏమిటో, ఎంత బాగుండేదో ఎవరం అడగం. మనవాళ్ళకు ఇంకో గుణం కూడా ఉంది. రామాయణం పెద్దగా పట్టించుకోని ఊర్మిళను మన ఆడవాళ్ళు మర్చిపోలేదు. ‘ఊర్మిళాదేవి నిద్ర’ అని పాట కట్టి, తరతరాలు ఇళ్ళల్లో పాడుకున్నారు. కథలో చోటు దక్కనివాళ్ళకు పాటలో చోటిచ్చిన జాతి మనది. ఆ అలవాటు కొద్దీ హమ్మెల్‌కూ చోటు అడుగుతున్నాను.

2010 మార్చి 17న చిల్టన్ న్యూ ఆర్లియన్స్‌లో గుండెపోటుతో పోయాడు. మూడు రోజుల తరువాత ఆస్టిన్‌లో బిగ్ స్టార్ కచేరీ ఉండాలి. అది స్మృతి సభగా మారింది. ఆ రాత్రి హమ్మెల్ వచ్చాడు, వేదికెక్కాడు. నాలుగు నెలలకు, జులై 19న, క్యాన్సర్‌తో కన్నుమూశాడు. వయసు 59.

అతను పోయింది ఫోర్ట్‌వర్త్‌కు పడమరగా ఉన్న వెదర్‌ఫర్డ్‌లో. ఆ చుట్టుపక్కల డాలస్, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో వేల తెలుగు కుటుంబాలున్నాయి. నేనూ ఆ ప్రాంతంలోనే చాలాకాలం ఉన్నాను. ఇండియా మీద పాట కట్టిన మనిషి గంటన్నర దూరంలో ఉన్నాడని అతను బతికుండగా నాకు తెలియలేదు. పోయాక ఒక ఆదివారం మా బావమరిదీ నేనూ ఆ దారిన వెళ్ళాం. రెండు వైపులా ఎండిన గడ్డి, కంచెలు, ఆవులు. కారులో ఆరో పాట పెట్టాను. అయిపోయాక తను, “మళ్ళీ పెట్టు బావా” అన్నాడు. ఇండియా ఏదని ఈసారి అడగలేదు. మూడుసార్లు విన్నాం.

నేను కోరేది జాలి కాదు, ఉన్న లెక్క ఉన్నట్టు చెప్పమని. వచ్చే సంకలనం కోసం ఎదురుచూస్తున్న అభిమానులారా, ఈసారి అది చేతికి రాగానే పాటల కింద ఉన్న పేర్లు ఒక్కసారి చదవండి. సంకలనాలు కూర్చే పెద్దలారా, బెల్‌కు విడిగా పెట్టె ఇచ్చారు, బృందం మూడో ఆల్బమ్ ‘థర్డ్’కు మూడు సీడీలు ఇచ్చారు, చాలా సంతోషం. హమ్మెల్ రాసినవీ, పాడినవీ ఒక వరసలో వినిపించే ఒక్క రికార్డు వెయ్యండి. చిన్నదైనా చాలు. ఇదంతా కొత్తగా వింటున్న తెలుగు పాఠకులకు నా మనవి ఒకటే. ‘నంబర్ 1 రికార్డ్’ పెట్టుకున్నప్పుడు అయిదో పాట హోరు ఆగుతుంది. చెయ్యి ముందుకు పోకుండా ఆపుకోండి. రెండున్నర నిమిషాలు కూడా పట్టదు.