రోహిణి పోకముందే ఒకసారి స్లాబు ఎక్కండి



రోహిణి కార్తె నడుస్తోంది. ఇంకో వారం పది రోజుల్లో మృగశిర. ఈ రోజుల్లో మనందరి బుర్రలో విత్తనాలు, దుక్కులు, బ్యాంకు రెన్యువల్ తప్ప ఇంకోటి ఉండదు. నాకూ అంతే. అయినా ఈ పూట పంట సంగతి పక్కనపెట్టి మిమ్మల్ని ఒక పని అడుగుతున్నా. రేపు పొద్దున ఎండ ఎక్కకముందే చీపురు, ఒక చిన్న సుత్తి పట్టుకుని మీ ఇంటి స్లాబు ఎక్కండి. ఒక్క గంట చాలు.

నేను ఎక్కకపోబట్టి మా ఇంట్లో ఏమైందో చెప్తా. నిరుడు శ్రావణంలో ఒక రాత్రి మా నడిమింట్లో పైనుంచి పెచ్చు ఊడి పడింది. చేటంత పెచ్చు. మా మనవడి ఉయ్యాల ముందురోజు దాకా సరిగ్గా ఆ కిందే ఉంది. ఆ సాయంత్రం కరెంటు పోయి ఉక్కపోస్తుంటే కోడలు పిల్లోడిని తీసుకుని వరండాలో పడుకుంది. అంతే, వేరే గొప్పతనం ఏం లేదు. తెల్లారి ఆ పెచ్చు చేత్తో ఎత్తి చూస్తే మూడు నాలుగు కేజీలు ఉంది. లోపలివైపు రంగు చూస్తే ఎర్రటి తుప్పు.

అదే గదికి అంతకుముందు ఏడాది కోడలి సీమంతానికని పుట్టీ పెట్టించి, రంగులు వేయించా. అప్పటికే మూలన మరక ఉంది. "ముందు పైన చూపించయ్యా, లోపల పూస్తే ఏం లాభం" అని మా ఇంటావిడ చెప్తూనే ఉంది. నేను వింటేగా! మరక కనపడకుండా పోతే జబ్బు పోయిందనుకున్నా.

చేలో నీళ్ళు నిలబడి మొక్క ఎర్రబారితే మనం ఏం చేస్తాం? ముందు బోదె తీసి నీళ్ళు బయటికి పంపుతాం, తర్వాతే మందు సంగతి. నలభై ఏళ్ళుగా చేలో చేస్తున్న పని ఇంటి దగ్గరికి వచ్చేసరికి నాకే గుర్తు రాలేదు. ఆకు మీద పచ్చ రంగు పూసినట్టు గోడ మీద పుట్టీ పూశా.

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నా, ఎవరూ ఏమనుకోవద్దు. మన ఊళ్ళల్లో ఇంటి మీద పెట్టే డబ్బంతా వీధిలో పోయేవాళ్ళకి కనపడే చోటుకే పోతోంది. ముందు గోడకి టైల్స్, స్టీలు రెయిలింగ్, హాల్లో మెరిసే సీలింగ్. స్లాబు మీద మాత్రం పదేళ్ళలో ఒక్కసారి కూడా చూపు పెట్టం. పండగకి రంగు వేయడాన్నే రిపేరు అనుకుంటున్నాం. మన చుట్టుపక్కల పెంకులు, రెల్లుగడ్డి తీసేసి స్లాబులు వేసుకున్నది ఎక్కువగా గడిచిన ఇరవై పాతికేళ్ళలోనే. 2006 తర్వాత వచ్చిన ఇందిరమ్మ ఇళ్ళు కూడా ఇప్పుడు ఆ వయసుకి వచ్చేశాయి. స్లాబుకి కూడా వయసు వస్తుంది. చిన్న చిన్న మరమ్మతులు మొదలుపెట్టాల్సిన వయసు ఇదే.

లోపల జరిగేది ఇది. స్లాబు కింది వైపు చువ్వకీ మన కంటికీ మధ్య ఉండే కాంక్రీటు ముప్పావు అంగుళమే. పనివాళ్ళు కవర్ బ్లాకులు సరిగ్గా పెట్టకపోతే అదీ ఉండదు. పైన నీళ్ళు నిలబడి, సన్న పగుళ్ళలోంచి దిగి చువ్వని చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. అసలు ఇనుము పట్టే చోటుకి రెండింతల పైనే చోటు కావాలి దానికి. ఎటూ చోటు లేక కింది కాంక్రీటుని తోసేస్తుంది. అదే పెచ్చు. అంటే పెచ్చు పడే నాటికి లోపల జబ్బు మొదలై ఏళ్ళు అయిందన్నమాట. కింద సిమెంటు మెత్తి రంగు వేస్తే పైనుంచి వచ్చే నీళ్ళు ఆగవు, ఆ మెత్తిందే ఇంకో పెచ్చు అయి కూర్చుంటుంది.

సరే, స్లాబు ఎక్కారు. ముందు తూము గొట్టాలు చూడండి. మనం రైతులం, మన స్లాబు మీద ఉన్నన్ని వస్తువులు ఊరి కొట్లో ఉండవు. మిరపకాయలు అక్కడే ఎండబోస్తాం, కందిపప్పు అక్కడే, డ్రిప్పు పైపులు అక్కడే, పాత పట్టాలు అక్కడే. మా తూములో నేను చెయ్యి పెట్టి తీస్తే మిరప గింజలు, ఎండుటాకులు, ఒక పురుగుమందు కవరు, మా మనవరాలి రబ్బరు బ్యాండు వచ్చాయి. ఒక్క తూము మూసుకుంటే చాలు, పెద్ద వాన రోజు స్లాబు మొత్తం చెరువే. లెక్క చెప్తా చూడండి. ఆరువందల చదరపు అడుగుల స్లాబు మీద ఒక్క అంగుళం నీళ్ళు నిలిస్తే దాదాపు 1400 లీటర్లు. అంటే 1400 కేజీలు.

తర్వాత పిట్టగోడ స్లాబుని కలిసే మూల చూడండి. నూటికి తొంభై ఇళ్ళల్లో కారేది ఇక్కడే అని నా అనుభవం. స్లాబు ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఇటుక గోడ దానితో పాటు కదలదు. ఆ అతుకు దగ్గర వెంట్రుక మందం పగులు వస్తుంది. పిట్టగోడలో రావి మొక్క గానీ మర్రి మొక్క గానీ మొలిచిందేమో చూడండి. పైన తుంచేస్తే సరిపోదు, వేరుతో సహా తవ్వి తీయాలి. డిష్ స్టాండు కోసం బోల్టులు కొట్టిన చోటు, పెళ్ళి పందిరికి మేకులు దిగ్గొట్టిన చోటు, అన్నీ నీళ్ళకి దారులే. పై అంతస్తు ఎప్పుడో వేద్దామని వదిలేసిన పిల్లర్ చువ్వలు కూడా. అబ్బాయి ఉద్యోగం వచ్చాక వేద్దాం, అమ్మాయి పెళ్ళయ్యాక వేద్దాం అని ఆ చువ్వలు పదేళ్ళు వానకి తడుస్తూ ఉంటాయి. వాటి తుప్పు కిందికి పిల్లర్‌లోకి దిగుతుంది. తీగ బ్రష్‌తో గీకి, చిక్కటి సిమెంటు పాలు పూసి, పల్చటి కాంక్రీటుతో చిన్న దిమ్మెలా మూసేయండి. కావలసిన నాడు పగలగొట్టుకోవచ్చు.

ఆఖరున నీళ్ళ ట్యాంకు. మా ఇంట్లో అసలు దొంగ అదే. ఫ్లోటు పాడై రోజూ పొద్దున మోటారు కట్టేదాకా నీళ్ళు పొంగి ఒకే మూలకి పోయేవి. వానాకాలం నాలుగు నెలలే, మా ట్యాంకు మాత్రం పన్నెండు నెలలూ వాన కురిపించింది.

ఇక రిపేరు. స్లాబు ఊడ్చి, నాచు ఉంటే తీగ బ్రష్‌తో గీకి, కడిగి ఆరనివ్వండి. పగుళ్ళ మీద ఊరికే సిమెంటు పాలు పోస్తే నిలవదు. నేనూ రెండేళ్ళు పోశా. సిమెంటుకి సాగే గుణం లేదు, ఒక్క ఎండాకాలానికే మళ్ళీ అదే గీత మీద విడిపోతుంది. సన్న ఉలితో పగులుని అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు తవ్వండి. అంతకంటే లోతుకి పోవద్దు, చువ్వలు ఉంటాయి. దుమ్ము లేకుండా ఊది, హార్డ్‌వేర్ షాపులో దొరికే పగుళ్ళు నింపే పేస్టు గానీ, పాలిమర్ కలిపిన సిమెంటు ముద్ద గానీ దిట్టంగా నింపండి. పిట్టగోడ మూలని సిమెంటు ముద్దతో వాలుగా, గుండ్రంగా తిప్పండి, అక్కడ నీటి చుక్క నిలబడకూడదు. దాన్ని ఒక వారం తడిపి, తర్వాత ఆరనిచ్చి, ఆపైన సాగే గుణం ఉన్న వాటర్‌ప్రూఫ్ రంగు రెండు కోట్లు. అతుకుల దగ్గర మొదటి కోటు పచ్చిగా ఉండగానే సన్న జాలీ గుడ్డ అద్దాలి. మొదటి కోటు నిలువుగా వేస్తే రెండోది అడ్డంగా. రెంటి మధ్యా డబ్బా మీద రాసినంత టైము ఇవ్వాలి. ఇదంతా తెల్లవారుజామునో, సాయంత్రం నాలుగు తర్వాతో చేయండి. రోహిణి ఎండలో మిట్టమధ్యాహ్నం పూస్తే బ్రష్ తిరిగేలోపే ఆరిపోయి బుడగలు లేస్తుంది.

నేనూ మా ఇంటావిడా కలిసి ఆరు పూటలు పనిచేశాం. మూలలు, పగుళ్ళు ఉన్న చోట మటుకే వేశాం. మిరపకి ఒక దఫా మందు కొట్టే ఖర్చు అయింది. నడుం పట్టేసిన మాట నిజం.

అంతకుముందు ఒక మేస్త్రిని పిలిస్తే ఆయన చూసి, "స్లాబు మొత్తం మీద ఇంకో రెండంగుళాల కాంక్రీటు పోస్తే పీడా వదుల్తుంది" అన్నాడు. చాలామంది ఇలా పోయిస్తున్నారు కూడా. అయ్యా, ఒక్కసారి బరువు లెక్క కట్టండి. ఆరువందల అడుగుల మీద రెండంగుళాల కాంక్రీటు అంటే ఏడు టన్నులకి దగ్గర. చువ్వ తుప్పుపట్టి నీరసపడ్డ స్లాబు నెత్తిన రెండు ట్రాక్టర్ల లోడు శాశ్వతంగా పెట్టినట్టే. ముసలి ఎద్దు కుంటుతుంటే మూటలు తగ్గిస్తాంగానీ పెంచుతామా? ఇంజనీరు చూసి చెప్పకుండా ఎవరూ ఆ పని చేయించొద్దు.

గోడల సంగతి ఒకటి చెప్పి ఆపేస్తా. గోడ అడుగున మోకాలెత్తు దాకా తెల్లగా పొడి రాలుతోందా? అది మనకి కొత్త కాదు, చౌడు. చౌడు భూమిలో కింది తేమ పైకి లాగి, నీళ్ళు ఆవిరైపోయి ఉప్పు మిగిలినట్టే గోడలో కూడా అవుతుంది. గీకి పుట్టీ పెడితే ఆ ఉప్పు పుట్టీని కూడా తోసేస్తుంది. చౌడు భూమికి మురుగు కాలువ తీసినట్టు ఇంటి చుట్టూ నీళ్ళు పోయే దారి చూడాలి. మన ఊళ్ళల్లో దీనికి పెద్ద కారణం సిమెంటు రోడ్లు. పాత రోడ్డు మీదే కొత్త రోడ్డు పోస్తూ పోస్తూ రోడ్డు మన అరుగు కంటే ఎత్తు అయిపోయింది. వీధి వాన నీళ్ళన్నీ మన పునాది దగ్గర చేరుతున్నాయి. రోడ్డు వేసేటప్పుడు పాతది తవ్వి పొయ్యమని నలుగురం కలిసి అడగాలి. అడగకుండా తర్వాత గోడల్ని తిట్టుకుంటే ఏం వస్తుంది? మన చేతిలో ఉన్నది ఏంటంటే గోడ వెంబడి మట్టి కుప్పలు, పేడ దిబ్బ, కట్టెలు తీసేయడం, నేల గోడ నుంచి బయటికి వాలేట్టు చదును చేయడం, స్నానాల నీళ్ళు గోడకి దూరంగా ఇంకుడు గుంతలోకి పంపడం.

తాతల నాటి మట్టిగోడ, సున్నపు గోడ ఉన్నవాళ్ళు మాత్రం గట్టిగా ఉంటుందని సిమెంటు పూత పూయించకండి. ఆ గోడలు పీల్చిన తేమని బయటికి వదుల్తూ బతుకుతాయి. సిమెంటు పూస్తే తేమ లోపలే ఉండి మట్టి మెత్తబడుతుంది. సున్నం, ఇసుకతోనే పూయించండి. సున్నం పని తెలిసిన మేస్త్రులు తగ్గిపోయారు, నిజమే. మీ ఊళ్ళో ముసలాయన ఎవరైనా ఉంటే పక్కన కుర్రోడిని పెట్టి నేర్పించండి.

ఇక మనం చేయకూడనివి. కింద చువ్వలు బయటపడి సన్నబడి ఉంటే, స్లాబు మధ్యలో కిందికి దిగినట్టు కనపడితే, దూలానికో పిల్లర్‌కో పగులు ఉంటే ఉలి ముట్టుకోకండి. ఆ గదిలో మంచాలు తీసేసి, ఇంజనీరుకి చూపించండి. కర్రతో తడితే బోలు శబ్దం వచ్చే పెచ్చుని తీసేటప్పుడు దాని కింద నిలబడొద్దు, పక్కనుంచి తీయండి, కళ్ళకి అద్దాలు, తలకి హెల్మెట్ పెట్టుకుని. బండి హెల్మెట్ అయినా సరే. తడిసిన గోడలో కరెంటు వైరు ఉంటే ముందు మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. స్టార్టరు డబ్బా మనమే విప్పుతాం కదా, ఇదెంత అనుకోవద్దు. తడి గోడ షాక్ కొడితే చెప్పడానికి మనిషి మిగలడు. ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించుకుని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు నడిమిల్లు పొడిగానే ఉంది. మొన్న అకాల వానకి రెండు గంటలు కురిసినా మరక రాలేదు. ఫ్లోటు మార్చా. ఉయ్యాల మాత్రం కోడలు ఇంకా వరండాలోనే కడుతోంది, నేనూ ఏమీ అనట్లేదు. పశువుల కొట్టం మూల ఒకటి మిగిలింది, ఈ ఆదివారం చేస్తా. మీ స్లాబు మీద తూములో ఏం దొరికిందో కామెంట్లో రాయండి, మా రబ్బరు బ్యాండుని ఎవరు దాటతారో చూద్దాం.