కొల్లేటికి రేపు లేదా?

వ్యాజ్యమును విచారించు న్యాయాధిపతికి గడచిన సంగతులను గూర్చిన సాక్ష్యము చాలును. శాసనకర్తకు అది చాలదు. ఇంకను జన్మింపనివారు సైతము అతని యెదుట కక్షిదారులై నిలిచియుందురు. ఈ సామాన్యధర్మమును మన పాలకులు కొల్లేటి విషయమున విస్మరించిరని మేము విచారముతో వ్రాయవలసివచ్చుచున్నది.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల వరదను తనలో నిముడ్చుకొని ఉప్పుటేరు గుండ సముద్రమునకు విడుచును. గూడబాతులకిది ఆశ్రయము, వడ్డి కులస్థులకిది అన్నపాత్ర. 1999లో అయిదవ కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటితమయ్యెను. 2002లో రామ్‌సార్ జాబితా కెక్కెను. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞానుసారము చేపలచెరువుల గట్లు తెగగొట్టబడెను. అటుపిమ్మట 2008లో, హద్దును మూడవ కాంటూరునకు కుదింపవలెనని శాసనసభ తీర్మానించెను! కేంద్రము నియమించిన అజీజ్ సంఘము అది తగదనెను. నాటినుండి వివాదమంతయు అయిదా, మూడా యనుటయే. 2050 నాటికి ఏ హద్దువలన ఏమగునో ప్రజల యెదుట నుంచినవారెవరు?

ఇట్టి విచారణకు మార్గము లేకపోలేదు. జీవవైవిధ్యముపై ఏర్పడిన అంతర్జాతీయ ప్రభుత్వ వేదిక 2016లో కౌలాలంపూరున ఆమోదించిన నివేదిక దానిని వివరించినది. రాదగిన భవిష్యత్తులను పలువిధముల ఊహించి పరీక్షింపుడు. కోరిన గమ్యమును నిర్ణయించి దానికి దారిని వెనుకకు లెక్కింపుడు. ప్రతి విధానమును అమలునకు ముందే తూచి చూడుడు. అమలైన పిదప ఫలితమును సరిచూడుడు. ఇంతకన్న స్పష్టమైన పద్ధతి యేమున్నది?

“రేపటి సంగతి ఎవరెఱుగుదురు? ఇది సోదె” యని కొందఱందురు. సోదెగత్తె ఒక్క జవాబే చెప్పును. ఈ పద్ధతి పెక్కు జవాబులను ప్రక్కప్రక్కన నుంచి, ఎందునైనను నష్టము తక్కువగు దారిని వెదకును. వరద వచ్చునో రాదో తెలియకయే రైతు గట్టు వేయుచున్నాడు గదా! రేపు నిన్నవలెనే యుండునని నమ్ముటయు నొక ఊహయే, అన్నిటికన్న నిరాధారమైన ఊహ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు ఆ నమ్మకమేమయ్యెను? సముద్రమట్టము పెరిగి ఉప్పుటేటిలో పోటునీరు ఎగబ్రాకిన, ఏ కాంటూరు సరస్సును కాపాడును?

“బీదల జీవనమో?” యని మఱియొక ప్రశ్న. న్యాయమైన ప్రశ్నయే. అందుచేతనే వడ్డివారిని, పట్టాదారులను కూర్చుండబెట్టి ఈ లెక్క వేయవలెననుచున్నాము. పరిహారము, వలసపోవువారి సంఖ్య, త్రాగునీరు, వరదనష్టము అందు చేరవలెను. బీదల పేరుచెప్పి పెద్దచెరువుల యజమానుల లాభమును కాపాడుట కరుణ కాదు.

2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రతి స్థానికసంస్థకును యాజమాన్య సంఘము నేర్పఱచినది. వేదిక యున్నది, కావలసినది సంకల్పము. భవిష్యత్తుల విచారణ తెలుగున ప్రకటితమై, గ్రామసభలలో చర్చింపబడువఱకు కొల్లేటి హద్దు అంగుళమైనను కదలరాదు. ప్రజలారా, ఓట్లడుగ వచ్చినవారిని ఈ లెక్క యడుగుడు. చూపలేనివారికి సరస్సును కుదించు నధికారము లేదు.