సంతకం లేని సాగు

గుంటూరులో బస్సెక్కితే గంటలో మా పెదనందిపాడు ప్రాంతం. నల్లరేగడి నేల, మిర్చి, పత్తి, శనగ పంటలు. కాయలు చేరేది గుంటూరు మిర్చి యార్డుకే. పొలాల యజమానుల్లో చాలామంది అక్కడో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటారు. సేద్యం చేసేది మాలాంటి కౌలుదారులం.

మా ఇంటాయన, నేను నాలుగెకరాల్లో మిర్చి వేస్తున్నాం. కౌలు ముందే కట్టాలి. ఆగస్టులో నారు నాటింది మొదలు జనవరిలో తొలి కోత దాకా అంతా పెట్టుబడే. కోతకూలీ, కళ్లంలో ఆరబోత, తాలుకాయల ఏరివేత ఖర్చులూ మావే. 2021లో నల్ల తామర పురుగు పూతను తినేసినప్పుడు అప్పు మిగిలిందీ మాకే.

కౌలుదారుల కోసం రాష్ట్ర సర్కారు తెచ్చిన 2019 చట్టం పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తానంది. దానికి యజమాని సంతకం కావాలంది. భూమి పోతుందేమోనని వాళ్ల భయం. అడిగితే వచ్చే ఏడు కౌలుకివ్వరేమోనని మా భయం. పత్రం లేక బ్యాంకును వదిలి వడ్డీవ్యాపారి దగ్గరికే పోతున్నాం.

భూమి హక్కు మారదని చట్టమే చెబుతోంది. అలాంటప్పుడు సంతకం ఎందుకు? గ్రామసభలో పక్క పొలాల రైతుల సాక్ష్యంతో, ఈ-పంట నమోదుతో సాగుదారును గుర్తించండి.

1922లో పర్వతనేని వీరయ్య చౌదరి వెంట తెల్లదొరలకు పన్ను కట్టబోమని నిలబడిన ఫిర్కా మాది. ఇక్కడ సాగుచేసే ప్రతి మనిషి పేరూ సర్కారు లెక్కల్లోకి ఎక్కాలి. పంట రుణం, బీమా, నష్టపరిహారం ఆ పేరుమీదే రావాలి.