ఎంట్రీ ఎక్కింది, మాట అందలేదు



"గిరిజనులు మందులు సరిగ్గా వాడరు." ఈ మాట ఆస్పత్రిలో విన్నాం, క్లాసులో విన్నాం, చివరికి హాస్టల్లో కూడా విన్నాం. ఇన్నాళ్లూ తల దించుకున్నాం. ఇవాళ జవాబు చెప్తున్నాం.

పోయిన వానాకాలం మా హాస్టల్లో ఒక తమ్ముడికి వైవాక్స్ మలేరియా వచ్చింది. 14 రోజులకి ప్రైమాక్విన్ ఇచ్చారు. పేరు రాయని తెల్ల కవరు, అందులో కత్తిరించిన స్ట్రిప్పు ముక్కలు. మూడో రోజుకి జ్వరం తగ్గింది, మాత్రలు ఆపేశాడు. రెండు నెలలకి మళ్లీ జ్వరం. "చెప్తే వినరు మీరు" అని తిట్టారు. అసలు చెప్పిందెవరు? ఆ క్రిమి కాలేయంలో దాక్కుంటుందని, జ్వరం పోయినా అది చావదని, అందుకే 14 రోజులని ఎవరైనా చెప్పారా?

దీనికన్నా పెద్ద విషయం ఇంకోటుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న వాళ్లకి ఇదే ప్రైమాక్విన్ ఎర్ర రక్తకణాల్ని పగలగొడుతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల ఈ లోపం ఎక్కువ. అంటే మనలాంటి ఊళ్లలోనే. మూత్రం నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే మందు ఆపి డాక్టర్ దగ్గరికి రమ్మని రోగికి చెప్పాలని దేశ మలేరియా చికిత్స మార్గదర్శకాల్లోనే ఉంది. మా తమ్ముడికి ఎప్పుడు ఆపకూడదో చెప్పలేదు, ఎప్పుడు ఆపాలో కూడా చెప్పలేదు.

కానీ కంప్యూటర్లో అంతా కరెక్టే. మందు ఇచ్చినట్టు ఎంట్రీ ఉంది, స్టాకు లెక్క సరిపోయింది.

మందుల భద్రత మీద పెద్ద పెద్ద పరిశోధనలున్నాయి. డాక్టర్లు మందులు కంప్యూటర్లో రాస్తే తీవ్రమైన తప్పులు సగానికి పైగా తగ్గాయని 1998లో బోస్టన్ ఆస్పత్రి పరిశోధన చెప్పింది. అదే పద్ధతి 22 రకాల తప్పులకి దారి తీస్తోందని 2005లో పెన్సిల్వేనియా పరిశోధన చెప్పింది. రెండూ ఆస్పత్రి గోడల లోపలి లెక్కలే. కవరు పట్టుకుని ఊరికొచ్చాక ఏమవుతుందో ఆ లెక్కల్లో లేదు.

స్టాఫ్ తక్కువ, నిజమే. ఏఎన్‌ఎం అక్క మీద మాకు కోపం లేదు. ప్రైమాక్విన్ మానేయమనీ అనట్లేదు, అది కావాల్సిన మందే. మేం అడిగేది ఇంతే:

1. కవరు మీద మందు పేరు, ఎన్ని రోజులు, ఏ గుర్తులు కనిపిస్తే ఆపాలో తెలుగులో రాయాలి.
2. కువి, కోయ, గోండి, సవర... ఎవరి భాషలో వాళ్లకి నోటితో చెప్పాలి. చెప్పారా లేదా అన్నది కూడా కంప్యూటర్లో ఎక్కాలి.
3. ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష మన ఏజెన్సీ పీహెచ్‌సీల్లో చెయ్యాలి.

మనం చెయ్యాల్సిందీ ఉంది. కవరు తీసుకునే ముందు ఆ మూడు సంగతులూ అడిగి, పెన్నుతో రాసుకుందాం. మందు పడక ఇబ్బందైతే ముందు డాక్టర్ దగ్గరికి, తర్వాత 1800-180-3024కి ఫోన్. అది మందుల దుష్ప్రభావాలు చెప్పుకునే టోల్‌ఫ్రీ నంబరు. రోగులే నింపే ఫారం తెలుగులో కూడా ఉంది. మనం చెప్పకపోతే మన బాధ ఏ లెక్కలోకీ రాదు.

ఇంట్లో అమ్మానాన్నలకి మనమే మొదటి చదువరులం. ఆ కవరు చదివి చెప్పాల్సింది మనమే. కానీ చదవడానికి దాని మీద ముందు ఏదో ఒకటి రాసుండాలి కదా!

జై ఆదివాసీ!