మన విహారములు: దుర్గము చెరువు గట్టున నిప్పు కన్న రాళ్ళు



సముద్రతీరమున అగ్నిపర్వతములు కక్కిన నల్లరాతి స్తంభములను చూచుటకై జనులు వేలకొలదిగా ఐర్లాండు, ఐస్లాండు దేశములకు పోవుచుందురు. మన దేశముననే కర్ణాటకమున మల్పె రేవున కెదుట సెయింట్ మేరీ దీవులలో అట్టి స్తంభములు కలవు. హైదరాబాదునకు సముద్రమును లేదు, అగ్నిపర్వతమును లేదు. అయినను నిప్పు కన్న రాళ్ళను, నీటి యొడ్డును ఒక్కచోట చూడదగిన స్థలము హైటెక్ సిటీ నడుమనే యున్నది. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు ఇల్లు చేరవచ్చును. ఈ నెల ఆ విహారమును గూర్చి విన్నవింతుము.

మెట్రో రైలున దుర్గం చెరువు స్టేషనులో దిగి చెరువునకు పోవచ్చును. 2023 డిసెంబరు నుండి తెలంగాణ స్త్రీలకు ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఛార్జీ లేనందున బస్సున వచ్చువారికి ఖర్చును తక్కువే. కుతుబ్ షాహీల కాలమున ఈ చెరువు గోలకొండ కోటకు త్రాగునీ రిచ్చినది. చుట్టును బండలు మూసియుండి దూరమునకు కనబడనందున దీనిని రహస్యపు చెరువనియు పిలిచిరి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట చుట్టును మేడలు లేచినవి. 2020లో తీగల వంతెన వచ్చినది. ఇప్పుడా రహస్యము లేదు; బండలు మాత్రము కొన్ని మిగిలియున్నవి.

ఈ బండల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. హిమాలయములు లేవనారంభించి అయిదు కోట్ల సంవత్సరములే యనిన, ఇవి ఎంతటి పెద్దలో తెలియును. భూమిలోపల కరగియున్న శిలాద్రవము పైకి పొంగక, లోతుననే మెల్లగా చల్లారి గ్రానైటు అయ్యెను. ఇది మనకు తెలియని విద్య కాదు. పటికబెల్లము చేయువారు పాకమును కదపక నిదానముగా ఆరనిత్తురు. అందుచే పలుకులు పెద్దవిగా కట్టును. తొందరగా చల్లార్చినచో పలుకులు సన్నములగును. రాళ్ళ సంగతియు నంతే. గ్రానైటులో గాజువంటి స్ఫటికము, గులాబీరంగు ఫెల్డుస్పారు, మెరయు అభ్రకము వేరువేరుగా కంటికి కనబడును. పైకి పొంగి త్వరగా చల్లారిన లావా సన్నపలుకుల నల్లరాయి యగును. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట దక్కనుపై పరచుకొన్న అట్టి లావా యొక్క అంచును వికారాబాదు ప్రాంతమున చూడవచ్చును.

బండపై బండ నెవరో నిలిపినట్లుండుట చూచి పిల్లలు అది రాక్షసుల పని యందురు. అది నీటి పని. పైనున్న మన్నును రాయియు యుగయుగములుగా కొట్టుకొనిపోగా, బరువు తగ్గి లోపలి బండ పగుళ్ళు వారినది. పగుళ్ళలో చేరిన నీరు మూలలను ముందుగా తినివేసినది. ఉల్లిపొరలవలె పొరలూడి మూలల బండ గుండ్రనిదైనది. నడుమనున్న పొడి వానలకు పోగా బండలు ఒకదానిపై నొకటి నిలిచినవి.

చెప్పువారు లేనిచో ఇవి వట్టి రాళ్ళే. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ అను సంఘమువారు జనులను వెంటబెట్టుకొని బండల నడుమ నడిపించి ఇట్టి సంగతులు బోధించుచు వచ్చిరి. అట్టి తెలిసినవారి వెంట పోవుట మేలు. ఎండ తగ్గిన పిదప ఖాజాగూడ గుట్టకు పోవచ్చును. అచ్చట ఫక్రుద్దీన్ ఔలియా దర్గాయు, అనంతపద్మనాభస్వామి ఆలయమును, 1951లో మెహెర్ బాబా ఏకాంతమున నుండిన గుహయు కలవు.

సోదరీమణులారా, బండ గుండ్రనగుటకు కోట్ల యేండ్లు పట్టెను. దానిని పేల్చి కంకర చేయుటకు ఒక్క పూట చాలును. మేడలు వలదని మేము చెప్పము. మన బిడ్డలు ఆ మేడలలోనే ఉద్యోగములు చేయుచున్నారు. కాని బండను తొలగింపకయే దాని చుట్టు తోట వేసికొనవచ్చును గదా! మన అవ్వలు బండక్రింద పోచమ్మను నిలిపి పసుపు కుంకుమ లిడిరి. ఆ బండను సుత్తితో తాకుటకు ఎవరికిని చేయి రాలేదు. వారి భక్తి చేసిన పనిని నేడు మన తెలివి చేయవలెను. 2025 ఏప్రిల్ నెలలో, ఇచ్చటికి దగ్గరనే యున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు నరకుట నాపవలసినదని సుప్రీంకోర్టు ఆజ్ఞాపించినది. అందులకై ముందుగా గొంతెత్తినవారిలో విద్యార్థినులును కలరు.

పోవువారు కొన్ని జాగ్రత్తలు గమనింతురు గాక. జారని చెప్పులు తొడుగుకొనుడు. పులిహోర, దద్ధ్యోజనము, చాలినంత నీరు తీసికొనిపొండు. వాన కురిసిన మరునాడు బండ లెక్కకుడు. తేనెపట్టులున్నచోట పొగయు సందడియు కూడదు. పిల్లలను రాళ్ళపై పేర్లు వ్రాయనీయకుడు. ఇల్లు చేరిన పిమ్మట వారిని వంటింటిలోనికి పిలిచి రుబ్బురోలును చూపుడు. అందులో మెరయు పలుకు లెక్కడివో వారే చెప్పగలిగినచో ఆ దినము సార్థకమైనట్లే.