“ఆఫ్ చేస్తే పోతుంది”

(బి.యస్సీ. కంప్యూటర్ సైన్స్, తృతీయ సంవత్సరం విద్యార్థి)

మన కంప్యూటర్ ల్యాబులో సీనియర్ల నుండి జూనియర్లకు ఏటేటా సంక్రమించే ఆస్తి ఒకటుంది. అది పుస్తకమూ కాదు, పరికరమూ కాదు. ఒక సలహా. “ఆఫ్ చెయ్యి, పోతుంది.” ఏ ప్రోగ్రాము మొరాయించినా ముందు వినబడేది ఇదే మాట. ఎందుకు పోతుందో చెప్పిన సీనియరును నేనింతవరకు చూడలేదు. నేను కూడా రెండేళ్ళుగా జూనియర్లకు ఇదే మాట చెప్తూ వచ్చాను కనుక ఈ వ్యాసంలో మొదటి ముద్దాయిని నేనే.

సంగతేమిటంటే, ఈ సంవత్సరం మా ప్రాజెక్టుకు మేము నలుగురం మార్కెట్ యార్డు ధరలు తీసుకున్నాం. ప్రభుత్వం ఆగ్‌మార్క్‌నెట్‌లో రోజువారీ ధరలు పెడుతుంది గదా. ఏ యార్డులో ఏ నెలలో మిర్చి ఎంత పలికింది, ధాన్యం ఎంత పలికింది, కనిష్ఠం గరిష్ఠం మధ్య తేడా ఎంత అని పదేళ్ళ లెక్క తీయాలని మా ఆశ. మాది సాగర్ ఎడమ కాలువ కింద చివరి ఆయకట్టు. సరుకు ఎప్పుడు అమ్మాలో తెలియక మా నాయన నష్టపోయిన సంవత్సరాలు నాకు గుర్తున్నాయి. అంచేత ఈ ప్రాజెక్టు నాకు మార్కుల వ్యవహారం ఒక్కటే కాదు.

డేటాబేసుకు పోస్ట్‌గ్రెస్ వాడాం. ఒక మిత్రుని అన్నయ్య దయవల్ల 32 జి.బి. మెమరీ ఉన్న ఆర్మ్ ప్రాసెసరు సర్వరు మాకు వాడుకోడానికి దొరికింది. అందులో 8 జి.బి.ని డేటాబేసు ఉమ్మడి మెమరీకి కేటాయించి ఉంచారు. కోటికి పైగా వరుసలు ఎక్కించాం. చిన్న ప్రశ్న వేస్తే ఠక్కున జవాబు. పదేళ్ళ సగటు అడిగామా, సర్వరు కుప్పకూలేది. “సిగ్నల్ 11” అని లాగులో ఒక్క ముక్క. అంటే తనది కాని మెమరీ మీద చెయ్యి వేసిందని, సిస్టం దాన్ని చంపేసిందని అర్థం. ఒకసారి రీస్టార్ట్ చేస్తే కొన్నాళ్ళు బాగుండేది, మళ్ళీ మామూలే. అదే ప్రశ్న ఇంటెల్ ల్యాప్‌టాప్ మీద ఒక్కసారి కూడా ఫెయిల్ కాలేదు.

పోస్ట్‌గ్రెస్‌లో ఒకరి ప్రాసెస్ ఇలా చచ్చిపోతే ఉమ్మడి మెమరీ పాడయిందేమోనన్న జాగ్రత్తతో అది అందరి కనెక్షన్లూ తెంచేసి మళ్ళీ మొదలవుతుంది. ఒకనాటి రాత్రి మా బ్యాచిలో ఒకమ్మాయి మూడు గంటలుగా ఒకే ట్రాన్సాక్షన్‌లో డేటా ఎక్కిస్తున్నది. పక్కగదిలో నేను నా సగటు ప్రశ్న వేశాను. ఆమె మూడు గంటల పనీ గంగలో కలిసింది. కమిట్ కాలేదు కదా, ఒక్క వరుస కూడా మిగల్లేదు. ఆమె నన్ను ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండునేమో.

మరునాడు సీనియర్ అన్నను అడిగాం. “జిట్ ఆఫ్ చెయ్‌రా, పోతుంది” అన్నాడు. చేశాం. నిజంగానే పోయింది. అందరూ సంతోషించారు. నాకు మాత్రం అన్నం సయించలేదు.

మా పొలంలో బావి మోటారుకు ఫుట్‌వాల్వు కారుతుంటే పైపులో నీళ్ళు నిలబడవు, మోటారు ఉత్తగా తిరుగుతుంది. రోజూ పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు పోసి నడిపించుకోవచ్చు. ఊళ్ళో చాలామంది చేసేదదే. మా నాయన మాత్రం పైపు పైకి లాగి ఆ వాల్వు విప్పి చూసేదాకా ఊరుకోడు. “నీళ్ళు పోస్తే నడుస్తది, నడిస్తే బాగైనట్టా?” అంటాడు. ఆ మాటే నన్ను పట్టుకుంది.

ఇంతకూ జిట్ అంటే ఏమిటి? మామూలుగా డేటాబేసు మనం అడిగిన ప్రశ్నను ముక్కలుగా విడగొట్టి, ప్రతి వరుసకూ ఆ ముక్కలను ఒక్కొక్కటిగా చదువుకుంటూ లెక్క కడుతుంది. వరుసలు కోట్లలో ఉంటే ఈ చదువుకోవడానికే బోలెడు కాలం పడుతుంది. అందుకని ఆ ప్రశ్నకు సరిపడా యంత్రభాషలో ఒక చిన్న ప్రోగ్రామును అప్పటికప్పుడు తయారుచేసి దాన్నే నడిపిస్తే వేగంగా ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఈ విద్య 2018లో 11వ వెర్షనుతో వచ్చింది. తయారీ పని ఎల్‌ఎల్‌విఎం అనే కంపైలరు లైబ్రరీది. 2019 నాటి 12వ వెర్షనులో దీన్ని ముందే ఆన్ చేసి పెట్టారు. అయితే ప్రతి ప్రశ్నకూ జిట్ జరగదు. ప్రశ్న ఖర్చు అంచనా లక్ష దాటితేనే. చిన్న ప్రశ్నలు బతికి బట్టకట్టడానికి, పెద్దవి చావడానికి కారణం ఇక్కడే దొరికింది! ఆ లక్ష హద్దును సున్నా చేసి చూశాను. పది వరుసల పట్టిక మీద వేసిన ప్రశ్న కూడా చచ్చింది. చచ్చినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. రోగం మన చెప్పుచేతల్లోకి వస్తే సగం వైద్యం అయినట్టే గదా.

మొదట నా అనుమానం క్యాషు మీదికి పోయింది. ఆర్మ్‌లో డేటా క్యాషు వేరు, ఆజ్ఞల క్యాషు వేరు. కొత్తగా రాసిన ఆజ్ఞలు రెండో దానికి తెలియాలంటే ప్రోగ్రామే పనిగట్టుకుని చెప్పాలి, ఇంటెల్ యంత్రాల్లో ఆ బాధ హార్డ్‌వేరే పడుతుంది. ఎక్కడో చదివిన ఈ సంగతి చెప్పుకుని ఒక వారం గొప్పగా తిరిగాను. తప్పు. ఎల్‌ఎల్‌విఎం ఆ పని సక్రమంగానే చేస్తున్నది. పైగా మా రూములోని నాలుగు జి.బి. రాస్ప్‌బెరీ పై బోర్డు కూడా ఆర్మే, దానిమీద ఎన్నిసార్లు నడిపినా ఈ జబ్బు రాలేదు. ఆర్మ్ అయితేనే చాలదు, మెమరీ కూడా పెద్దదై ఉండాలన్నమాట.

ఆర్మ్ పుట్టింది ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో, ఎకార్న్ అనే కంపెనీలో. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపొందించిన మొదటి చిప్పు 1985 ఏప్రిల్‌లో పనిచేసింది. ప్రతి ఆజ్ఞా ఒకే పొడవు, 32 బిట్లు. ఇప్పటి 64 బిట్ల ఆర్మ్‌లో కూడా ఆజ్ఞ పొడవు అంతే. దూరంగా ఉన్న చోటు చిరునామా తెలుసుకోడానికి ఎ.డి.ఆర్.పి. అనే ఆజ్ఞ ఉంది. దాని 32 బిట్లలో ఆజ్ఞ పేరుకు 6, రిజిస్టరుకు 5 పోగా దూరానికి మిగిలేవి 21. ఆ దూరాన్ని 4096 బైట్ల పేజీల్లో కొలుస్తారు. లెక్క వేస్తే ఉన్న చోటునుంచి ముందుకు 4 జి.బి., వెనక్కు 4 జి.బి. అంతకుమించి ఆ తాడు అందదు. బావి లోతు పది మట్లు ఉండి, చేంతాడు ఏడు మట్లే ఉంటే బొక్కెన ఏమవుతుంది?

డీబగ్గరులో పడిపోయిన చోటు తెరిచి చూస్తే ఫంక్షను పేరు లేదు, వరుసగా ప్రశ్నార్థకాలే. అప్పటికప్పుడు పుట్టిన కోడుకు పేరెక్కడిది? దగ్గరలోని ఆజ్ఞలను విప్పి చూశాను. ఎ.డి.ఆర్.పి. కనబడింది. అది చేరవలసిన చోటుకూ, చేరిన చోటుకూ తీసివేత వేశాను. తేడా సరిగ్గా 8 జి.బి. ఒక్క బైటు అటూ ఇటూ లేదు. 21 బిట్లలో పట్టని పై బిట్లను ఎవరో కత్తిరించి పారేస్తే వచ్చే తేడా అది. ఆ రాత్రి హాస్టల్లో నలుగురినీ నిద్రలేపాను.

తర్వాత చదివితే తెలిసింది. ఎల్‌ఎల్‌విఎం తను తయారుచేసిన కోడుకు ఒక చోటు, దాని డేటాకు ఇంకో చోటు విడివిడిగా అడుగుతుంది. కెర్నెలు సాధారణంగా పక్కపక్కనే ఇస్తుంది. కాని మధ్యలో డేటాబేసు ఉమ్మడి మెమరీ ఏనుగులా పడుకుని ఉంటే ఒకటి దానికి ఇవతలా, ఒకటి అవతలా పడవచ్చు. దూరం 4 జి.బి. దాటుతుంది. “దాటిందా?” అని చూసే తనిఖీ ఎల్‌ఎల్‌విఎంలో ఉంది. అయితే అది డీబగ్ బిల్డులో మాత్రమే పనిచేస్తుంది. మనందరికీ ఇచ్చే బిల్డులో దాన్ని తీసేస్తారు. అందుచేత పట్టని అంకెను నిశ్శబ్దంగా కత్తిరించి రాసేస్తుంది. ప్రోగ్రాము పరాయి చోట ఏదో చదివి, దాన్ని నమ్మి పోయి పడుతుంది. మావాడు పడ్డాడు కాబట్టి తెలిసింది.

ఇక సిగ్గుపడవలసిన భాగం. ఈ తప్పును పోస్ట్‌గ్రెస్ వారు 2024 నవంబరులోనే సరిచేశారు. మొత్తం ఎంత చోటు కావాలో ముందే లెక్కగట్టి, ఒకే ముక్కగా రిజర్వు చేసి, కోడూ డేటా అందులోనే సర్దే పద్ధతి. ఎల్‌ఎల్‌విఎం వారికోసం ఎదురుచూడకుండా ఆ కోడు తెచ్చి తమ దాంట్లోనే పెట్టుకున్నారు. మా సర్వరులో ఉన్నది 16.4. దాని తర్వాతి 16.5లో మందు ఉంది. అప్‌గ్రేడ్ చేస్తే సరిపోయేది! జిట్ ఆఫ్ చేసి చేతులు దులుపుకున్నాం గనుక కారణం వెతకలేదు. కారణం తెలియదు గనుక మందుందనీ తెలియలేదు.

నా వాదనను ఒప్పుకోనివారు ఉంటారు. మా గైడు మాస్టారే అన్నారు: “ఆసుపత్రిలోనో బ్యాంకులోనో డేటాబేసు పడిపోతుంటే నీలాగా పదిహేను రోజులు తవ్వుతూ కూర్చోమంటావుటయ్యా? ముందు ఆఫ్ చెయ్యాలి.” నిజమే. రక్తం కారుతుంటే ముందు కట్టు కట్టాలి. జిట్ లేకపోతే కొన్ని ప్రశ్నలు ఇంకా వేగంగా నడుస్తాయన్నదీ నిజమే. తయారీకి పట్టే కాలం కలిసిరాని సందర్భాలున్నాయి. వేగం చూసి, కొలిచి, ఆఫ్ చేసుకునేవారితో నాకు పేచీ లేదు. కాని మనది ఆసుపత్రి కాదు, కాలేజీ. ఇక్కడ కూడా పదిహేను రోజులు తవ్వడానికి తీరికలేదంటే మరి ఇంకెక్కడ తవ్వుతాం? ఉద్యోగంలో చేరాక తీరిక దొరుకుతుందని ఎవరైనా పూర్వ విద్యార్థులు హామీ ఇస్తే నా మాట వెనక్కు తీసుకుంటాను.

మన సిలబస్‌లో మైక్రోప్రాసెసరు పేపరు ఉంది. అందులో 1978 నాటి 8086 చెబుతారు. తప్పులేదు, నేను రిజిస్టరు అన్నమాట నేర్చుకున్నది అక్కడే. కాని మనందరి జేబుల్లో ఉన్న ఫోను ఆర్మ్. అద్దె సర్వర్లలోనూ ఆర్మ్ పెరుగుతున్నది. ఆ పేపరులో రెండు ప్రాక్టికల్స్ ఆర్మ్ మీద పెడితే వచ్చే నష్టమేమిటి? బోర్డు ఖరీదు మన వార్షికోత్సవం షామియానా అద్దెకంటే ఎక్కువేమీ ఉండదు. (యూనియన్ కార్యవర్గం వారు క్షమించాలి.)

ఇంకొకటి. ల్యాబులో హాజరు రిజిస్టరు ఉంది, పరికరాల స్టాకు రిజిస్టరు ఉంది. తప్పుల రిజిస్టరు లేదు. ఏది పాడైంది, ఏం చేస్తే నడిచింది, ఎందుకు నడిచింది అని మూడు గడులు చాలు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆ పని ఇంకా పూర్తికానట్టు లెక్క. తర్వాతి బ్యాచివాళ్ళు దాన్ని అందుకుంటారు. రెండు వందల పేజీల పుస్తకం ఒకటి మేము కొన్నాం. మొదటి పేజీలో ఈ సిగ్నల్ 11 కథంతా రాశాం, నా క్యాషు అనుమానంతో సహా. పుస్తకం ప్రస్తుతం ల్యాబ్ అటెండరు గారి బల్ల సొరుగులో ఉంది. సర్వరును 16.5కు మార్చి జిట్ మళ్ళీ ఆన్ చేశాం. మిర్చి సగటు వచ్చింది. ఆ అమ్మాయి తన మూడు గంటల పనినీ మళ్ళీ చేయడం మొదలుపెట్టింది. ఈసారి నేను పక్కన కూర్చుని, పదివేల వరుసలకొకసారి కమిట్ చేయిస్తున్నాను.